పిట్టపోరు పిల్లి తీర్చిన కథ: ఈజిప్టు విప్లవానంతర చరిత్ర

"పిట్టపోరు పిల్లి తీర్చింది" అనే సామెత తెలుగునాట పసిపిల్లలకు సైతం తెలిసినదే. పంచతంత్రంలో కపింజలమనే పక్షికీ, ఒక కుందేలుకూ నివాసం విషయమై తగవు వస్తుంది. నదీతీరంలో తపస్సు చేస్తున్నట్లు నటిస్తున్న ఒక పిల్లిని అవి తీర్పు కోరుతాయి. "నేను వృద్ధుడను, వినికిడి తక్కువ, దగ్గరకు వచ్చి చెప్పండి" అంటుంది పిల్లి. వాది ప్రతివాదులిద్దరూ దగ్గరకు చేరగానే తగవు తీరిపోతుంది. ఈ కథ 8వ శతాబ్దిలో ఇబ్నుల్ ముకఫ్ఫా అరబ్బీలోకి తెచ్చిన 'కలీలా వ దిమ్నా'లో కూడ ఉన్నది. అందుచేత మన గ్రామాలలోని పిల్లలవలెనే కైరో నగరంలోని పిల్లలకు కూడ ఇది అపరిచితమైన కథ కాదు.

అయితే కథ తెలిసినంత మాత్రాన జాతులు జాగ్రత్తపడతాయన్న నమ్మకం లేదు. 2011వ సంవత్సరంలో ఈజిప్టు ప్రజలు ముప్పది సంవత్సరాల నిరంకుశ పాలనను పద్దెనిమిది రోజులలో కూలదోసి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచారు. రెండున్నర సంవత్సరాలు గడవక ముందే ఆ దేశం తిరిగి సైనికాధికారి చేతులలోకి వెళ్ళిపోయింది. ఇట్లు ఎందుకు జరిగింది? "మతానికీ ప్రజాస్వామ్యానికీ పొత్తు కుదరదు, అందువలననే" అని కొందరు తేలికగా తేల్చివేస్తారు. "అదంతా విదేశీయుల కుట్ర" అని మరికొందరు అంతే తేలికగా అంటారు. ఈ రెండు సమాధానాలూ ఆ దేశంలో జరిగిన సంఘటనలను వరుసగా పరిశీలించే శ్రమను మనకు తప్పిస్తున్నవే గాని సత్యాన్ని చూపడం లేదు. ఆ శ్రమను కొంత స్వీకరించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

పూర్వరంగం

ఆధునిక ఈజిప్టు చరిత్రలో మూడు శక్తులను విడివిడిగా గుర్తించాలి. మొదటిది సైన్యం. 1952 జూలై 23న 'స్వేచ్ఛా సైనికాధికారులు' అనే బృందం ఫారూక్ రాజును తొలగించి అధికారాన్ని చేపట్టింది. నాటి నుండి 2011 వరకు ఆ దేశాన్ని పాలించిన నజీబ్, నాసర్, సాదత్, ముబారక్ నలుగురూ సైనిక దళాలనుండి వచ్చినవారే. 1973 యుద్ధంలో సూయజ్ కాలువను దాటిన సైన్యంగా దానికి ప్రజలలో గొప్ప గౌరవమున్నది. నిర్బంధ సైనిక సేవ ఉన్న దేశం గనుక దాదాపు ప్రతి కుటుంబానికీ సైన్యంతో బంధుత్వమున్నది. 1979లో ఇజ్రాయిల్‌తో సంధి కుదిరిన పిమ్మట అమెరికా నుండి సైనిక సహాయం ప్రవహించసాగింది. 1980ల చివరినుండి అది సాలీనా 130 కోట్ల డాలర్లుగా స్థిరపడింది. ఇవిగాక సైన్యానికి స్వంత కర్మాగారాలున్నవి. రొట్టెలు, నూడుల్సు, మంచినీటి సీసాలు, గృహోపకరణాలు, రహదారుల నిర్మాణం, పెట్రోలు బంకులు ఇత్యాదులన్నీ సైన్యం నిర్వహించే వ్యాపారాలే. వీటి ఆదాయ వ్యయాలను పరిశీలించే అధికారం శాసనసభకు వాస్తవంలో ఏనాడూ లేదు.

రెండవది మతసంస్థల శక్తి. ఇందులో కూడ రెండు పాయలున్నవి. పదవ శతాబ్దిలో స్థాపితమైన అల్-అజ్‌హర్ విద్యాపీఠం ముస్లిం ప్రపంచమంతటా గౌరవం పొందిన విద్వత్ కేంద్రం. 1961లో నాసర్ ప్రభుత్వం ఒక శాసనం ద్వారా దానిని ప్రభుత్వాధీనంలోనికి తెచ్చింది. రెండవ పాయ ముస్లిం బ్రదర్‌హుడ్, అనగా ఇఖ్వానుల్ ముస్లిమీన్. 1928లో ఇస్మాయిలియా పట్టణంలో హసన్ అల్ బన్నా అనే పాఠశాలోపాధ్యాయుడు దీనిని ప్రారంభించాడు. వైద్యశాలలు, పాఠశాలలు, పేదలకు సహాయం వంటి కార్యక్రమాల వలన ఈ సంస్థ పల్లెపల్లెకూ విస్తరించింది. నిషేధాలు, నిర్బంధాలు దానిని రహస్యమైన, క్రమశిక్షణగల, బయటివారిని నమ్మని సంస్థగా తీర్చిదిద్దినవి.

మూడవది పౌరశక్తి. విద్యార్థులు, కార్మిక సంఘాలు, న్యాయవాదులు, పత్రికా రచయితలు, ఉదారవాద వామపక్ష బృందాలు ఇందులో చేరుతారు. వీరికి ధైర్యమున్నది, వాక్చాతుర్యమున్నది. కాని గ్రామాలలో శాఖలుగాని, ఓటర్లను కదిలించగల నిర్మాణంగాని లేవు.

ఈ సందర్భంలో ఒక పాత సంఘటనను స్మరించక తప్పదు. 1953 జనవరిలో సైనికాధికారులు దేశంలోని రాజకీయ పక్షాలన్నింటినీ రద్దు చేశారు. బ్రదర్‌హుడ్ రాజకీయ పక్షం కాదనీ, ధార్మిక సంఘమనీ చెప్పి దానిని మినహాయించారు. తమ ప్రత్యర్థులు తొలగిపోతున్నందుకు ఆ సంస్థ విచారించలేదు. మరుసటి సంవత్సరం, 1954లో, అలెగ్జాండ్రియాలో నాసర్‌పై జరిగిన హత్యాప్రయత్నం తరువాత దాని వంతు వచ్చింది. ఆరుగురిని ఉరితీశారు, వేలమందిని నిర్బంధించారు. మొదట ఇతరులు, పిదప తాము అనే ఈ వరుసను జ్ఞాపకముంచుకుంటే 2011 తరువాతి చరిత్ర సులభంగా బోధపడుతుంది.

పద్దెనిమిది రోజులు

2010 జూన్‌లో అలెగ్జాండ్రియా నగరంలో ఖాలిద్ సయీద్ అనే యువకుడు పోలీసుల దెబ్బలకు మరణించాడు. 2010 డిసెంబరు 17న ట్యునీషియాలో మహమ్మద్ బువజీజీ అనే తోపుడుబండి వర్తకుడు అధికారుల అవమానాన్ని సహించలేక తన దేహానికి నిప్పు అంటించుకున్నాడు. ఆ మంట దేశమంతా వ్యాపించి, 2011 జనవరి 14న అక్కడి అధ్యక్షుడు బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు. ఈ వార్త ఈజిప్టు యువకులకు ధైర్యమిచ్చింది. జనవరి 25 ఆ దేశంలో పోలీసు దినోత్సవం. పోలీసుల దౌర్జన్యానికి నిరసనగా వారు ఆ దినాన్నే ఎన్నుకున్నారు.

కైరోలోని తహ్‌రీర్ మైదానంలో ఆ తరువాత జరిగినది ప్రపంచమంతా చూచింది. ముస్లింలు నమాజు చేస్తుండగా క్రైస్తవులు చేతులు పట్టుకొని రక్షణ వలయంగా నిలిచారు. గడ్డం పెంచిన ధార్మికుడూ, జీన్సు ధరించిన విద్యార్థినీ ఒకే రొట్టె పంచుకున్నారు. జనవరి 28 నాటికి పోలీసు వ్యవస్థ చెల్లాచెదరై, సైన్యం వీధులలోకి వచ్చింది. సైన్యం కాల్పులు జరపలేదు. "ప్రజలు, సైన్యం ఒకే చేయి" అనే నినాదం మిన్నుముట్టింది. ఫిబ్రవరి 11న ముబారక్ వైదొలగాడు. ఆ పద్దెనిమిది రోజులలో కనీసం 846 మంది మరణించారని ప్రభుత్వమే నియమించిన విచారణ సంఘం పేర్కొన్నది.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. ముబారక్ అధికారాన్ని అప్పగించినది ప్రజలకు గాని, వారి ప్రతినిధులకు గాని కాదు. ఫీల్డ్ మార్షల్ తంతావీ అధ్యక్షుడుగా ఉన్న సాయుధ దళాల ఉన్నత మండలికి అప్పగించాడు. ముబారక్ తన కుమారుడు గమాల్‌ను వారసునిగా తెస్తాడేమోనన్న అసంతృప్తి అప్పటికే సైనికాధికారులలో ఉన్నది. ఒక వ్యక్తిని త్యజించి, తమ వ్యవస్థను నిలుపుకోవడానికి వారు సిద్ధపడ్డారు. ప్రజలు సింహాసనం మీది మనిషిని దించారు గాని సింహాసనం క్రింది పునాది చెక్కుచెదరలేదు. ఆనందబాష్పాలతో మసకబారిన కళ్ళకు ఆ రాత్రి ఈ భేదం కనిపించకపోవడం సహజమే.

మొదటి పిట్ట

విప్లవం ముగిసిన వెంటనే తలెత్తిన ప్రశ్న: ముందు రాజ్యాంగమా, ముందు ఎన్నికలా? ఎన్నికలు ముందు జరిగితే నిర్మాణబలమున్న బ్రదర్‌హుడ్ గెలుస్తుందని పౌరపక్షాలు భయపడ్డాయి. ఎన్నికలు ఆలస్యమైతే తమ విజయాన్ని ఎవరో అపహరిస్తారని బ్రదర్‌హుడ్ భయపడింది. సైనిక మండలి ఎన్నికలు ముందు జరిగే మార్గాన్నే ప్రతిపాదించి, 2011 మార్చి 19న ప్రజాభిప్రాయ సేకరణ జరిపింది. బ్రదర్‌హుడ్ సమర్థించింది. 77 శాతం ఓటర్లు అంగీకరించారు. ఈ దశలో ధార్మికపక్షానికి సైన్యం మిత్రునివలె కనిపించింది. 2011 నవంబరులో తహ్‌రీర్ ప్రాంతంలోని మహమ్మద్ మహమూద్ వీధిలో యువకులు భద్రతాదళాల చేతులలో మరణిస్తున్నప్పుడు, ముందున్న ఎన్నికలకు విఘాతం కలుగుతుందని బ్రదర్‌హుడ్ నాయకత్వం ఆ పోరాటానికి దూరంగా నిలిచింది. ఆ ఎడబాటును యువకులు తరువాత మరచిపోలేదు.

పౌరపక్షాలైనా సైన్యం గుమ్మం తొక్కకుండా ఉన్నవా? లేదు. ఎన్నికలలో ధార్మికపక్షాలు గెలిచి రాజ్యాంగాన్ని తమకు అనుకూలంగా రచించుకుంటాయన్న భయంతో, రాజ్యాంగానికి అతీతమైన కొన్ని మూలసూత్రాలను సైనిక మండలి ముందుగానే ప్రకటించాలని వారిలో పలువురు కోరారు. 2011 నవంబరులో ఉపప్రధాని అలీ అల్ సెల్మీ పేరు మీద వెలువడిన పత్రం ఈ కోరికకు సమాధానం. అందులో పౌరహక్కులతో పాటు, సైన్యం యొక్క వ్యవహారాలను, దాని బడ్జెట్‌ను పరిశీలించే అధికారం సైనిక మండలికే ఉండాలనే నియమం కూడ చేరింది. తీవ్రమైన నిరసనల వలన ఆ పత్రం అమలుకు రాలేదు. కాని పిల్లి ఏ ధరకు తీర్పు చెబుతుందో ఆనాడే వెల్లడైంది.

2011 నవంబరు నుండి 2012 జనవరి వరకు జరిగిన శాసనసభ ఎన్నికలలో బ్రదర్‌హుడ్ నాయకత్వంలోని కూటమికి సుమారు 47 శాతం స్థానాలు, సలఫీ నూర్ పక్షం కూటమికి దాదాపు నాలుగవ వంతు స్థానాలు లభించినవి. 2012 మే మాసంలో జరిగిన అధ్యక్ష ఎన్నికల మొదటి విడత ఫలితాలు మరింత పరిశీలింపదగినవి. బ్రదర్‌హుడ్ అభ్యర్థి మహమ్మద్ ముర్సీకి 24.8 శాతం, ముబారక్ చివరి ప్రధాని, వైమానిక దళాధికారి అహమద్ షఫీక్‌కు 23.7 శాతం ఓట్లు వచ్చినవి. విప్లవపు ఆశయాలను చెప్పుకున్న హమ్దీన్ సబాహీకి 20.7 శాతం, అబ్దుల్ మునయిమ్ అబుల్ ఫుతూహ్‌కు 17.5 శాతం లభించినవి. ఈ చివరి ఇద్దరి ఓట్లూ కలిపితే 38 శాతం దాటుతుంది. ఒకే అభ్యర్థి వెనుక నిలబడలేక వారిరువురూ పోటీనుండి తొలగిపోయారు. తుదివిడతలో ప్రజల ముందు మిగిలినవి రెండే మార్గాలు: పాత ప్రభుత్వపు ప్రతినిధి, లేదా రహస్య సంస్థ ప్రతినిధి. ముర్సీ 51.7 శాతం ఓట్లతో గెలిచి, 2012 జూన్ 30న ప్రమాణ స్వీకారం చేశాడు. ఆ దేశ చరిత్రలో స్వేచ్ఛాయుత ఎన్నిక ద్వారా పదవికి వచ్చిన మొదటి అధ్యక్షుడతడు.

అయితే ఆయన పదవి చేపట్టకముందే, జూన్ 14న అత్యున్నత రాజ్యాంగ న్యాయస్థానం ఎన్నికల శాసనంలో దోషమున్నదని శాసనసభ దిగువసభను రద్దుకు గురిచేసింది. మూడు దినాల అనంతరం సైనిక మండలి శాసనాధికారాన్ని తనకు దఖలు పరచుకున్నది. ఆగస్టు 12న ముర్సీ తంతావీని పదవీ విరమణ చేయించి, జనరల్ అబ్దుల్ ఫత్తాహ్ సీసీని రక్షణమంత్రిగా నియమించాడు. సైన్యం లొంగిపోయిందని అనేకులు భావించారు. వాస్తవానికి అధికారులు మారారు గాని అధికారం చేతులు మారలేదు.

పిమ్మట ముర్సీ గావించిన తప్పిదాలు స్వల్పమైనవి కావు. 2012 నవంబరు 22న తన నిర్ణయాలను ఏ న్యాయస్థానమూ ప్రశ్నించరాదని ఆయన ప్రకటించాడు. పాత న్యాయమూర్తులు విప్లవాన్ని నిర్వీర్యం చేస్తున్నారన్నది ఆయన వాదం. ఆ వాదంలో కొంత నిజం లేకపోలేదు. కాని తన్ను ఎన్నుకొనని 48 శాతం ప్రజలకు న్యాయస్థానం తప్ప వేరు ఆశ్రయం లేదన్న సంగతిని ఆయన విస్మరించాడు. రాజ్యాంగ రచనాసభ నుండి క్రైస్తవ ప్రతినిధులు, ఉదారవాదులు నిష్క్రమించిన తరువాత కూడ రాత్రికి రాత్రి ముసాయిదాను ఆమోదింపజేశారు. డిసెంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 63.8 శాతం అనుకూలంగా ఓటు వేసిన మాట నిజమే. అయితే ఓటు వేయడానికి వచ్చినవారు మొత్తం ఓటర్లలో మూడవ వంతు మాత్రమే.

రెండవ పిట్ట

2013 వేసవి నాటికి కరెంటు కోతలు, పెట్రోలు కొరత, ధరల పెరుగుదల, వీధులలో అభద్రత ప్రజలను విసిగించినవి. 'తమర్రుద్', అనగా తిరుగుబాటు, అనే పేరుతో యువకులు ముర్సీ రాజీనామా కోరుతూ సంతకాలు సేకరించారు. జూన్ 30న జనసముద్రం వీధులలో పొంగింది. ఆ జనంలో నిజమైన ఆవేదన ఉన్నది. ముందస్తు ఎన్నికలు కోరడం ప్రజాస్వామ్య విరుద్ధమైన కోరిక కూడ కాదు. కాని ఆ కోరికను నెరవేర్చమని వారు ఎవరిని పిలిచారు? జూలై 1న సైన్యం నలభై ఎనిమిది గంటల గడువు విధించినప్పుడు మైదానంలో హర్షధ్వానాలు చెలరేగినవి. రెండేళ్ళ క్రితం సైనిక పాలన నశించాలని నినదించిన గొంతులు అందులో చాలా ఉన్నవి.

జూలై 3 సాయంత్రం జనరల్ సీసీ టెలివిజన్‌లో ముర్సీ తొలగింపును ప్రకటించాడు. ఆ సభలో ఆయన ప్రక్కన ఆసీనులైనవారిని చూడండి. అల్-అజ్‌హర్ ప్రధానాచార్యుడు అహమద్ అల్ తయ్యిబ్, కాప్టిక్ క్రైస్తవుల పోప్ రెండవ తవాద్రోస్, ఉదారవాదుల నాయకుడూ నోబెల్ బహుమతి గ్రహీతా అయిన మహమ్మద్ అల్ బరాదయీ, సలఫీ నూర్ పక్షం ప్రతినిధి. మతం ఒక వైపు, మతేతరం ఒక వైపు నిలిచి పోరాడినవన్న సిద్ధాంతానికి ఈ ఒక్క దృశ్యమే సమాధానం. ఆనాడు ఎదుటిపక్షాన్ని తొలగించడమే ముఖ్యమని తలచిన ధార్మికులు, లౌకికులు ఒకే వరుసలో కూర్చున్నారు.

ఆగస్టు 14న కైరోలోని రబిఆ అల్ అదవియ్యా కూడలిలో ముర్సీ సమర్థకుల శిబిరాన్ని భద్రతాదళాలు తొలగించినవి. ఒక్క దినంలో అక్కడ కనీసం 817 మంది మరణించారని హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ నిర్ధారించింది. 2011 విప్లవపు పద్దెనిమిది రోజులలో దేశమంతటా మరణించినవారి సంఖ్యకు ఇది దాదాపు సమానం. అల్ బరాదయీ ఆ దినమే ఉపాధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. కాని రాజీనామాతో సరిదిద్దగల దశ అప్పటికే దాటిపోయింది.

తరువాత రెండవ పిట్ట వంతు వచ్చింది. 2013 నవంబరులో అనుమతి లేని నిరసనలను నేరంగా చేసే శాసనం వెలువడింది. 2011 విప్లవానికి పిలుపునిచ్చిన బృందాలలో ఒకటైన 'ఏప్రిల్ 6' ఉద్యమ వ్యవస్థాపకుడు అహమద్ మాహిర్‌కు ఆ డిసెంబరులోనే మూడేళ్ళ శిక్ష పడింది. అతడు ముర్సీ పతనాన్ని కోరినవాడే. 2014 ఏప్రిల్‌లో ఆ ఉద్యమమే నిషేధానికి గురయింది. 2014 మే ఎన్నికలో సీసీ 96.9 శాతం ఓట్లతో అధ్యక్షుడయ్యాడు. 2019 సవరణలు అధ్యక్షుని పదవీకాలాన్ని ఆరేళ్ళకు పెంచి, రాజ్యాంగాన్ని ప్రజాస్వామ్యాన్ని కాపాడే బాధ్యతను సైన్యానికి అప్పగించినవి. 2019 జూన్ 17న ముర్సీ న్యాయస్థానంలో విచారణ జరుగుతుండగా కుప్పకూలి మరణించాడు. 2020 ఫిబ్రవరిలో మరణించిన ముబారక్‌కు మాత్రం సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగినవి.

ఎవరూ అడగని ప్రశ్న

ఈ కాలంలో వెలువడిన మూడు పత్రాలను ప్రక్కప్రక్కన ఉంచి చదివితే ఒక విశేషం స్పష్టమవుతుంది. 2011 నాటి సెల్మీ పత్రం ఉదారవాదుల భయానికి సమాధానంగా పుట్టింది. 2012 రాజ్యాంగం ధార్మికపక్షాల రచన. 2014 రాజ్యాంగం వారి ప్రత్యర్థుల రచన. షరీఅత్ సూత్రాలు శాసనాలకు ప్రధానాధారమన్న 2వ అధికరణం రెండు రాజ్యాంగాలలోను ఉన్నది. ఆ సూత్రాలను వ్యాఖ్యానించే 219వ అధికరణం 2012లో చేరి 2014లో తొలగింది. మతప్రాతిపదికపై పక్షాలు ఏర్పడరాదన్న నిషేధం 2014లో చేరింది. అనగా మతాన్ని గురించిన వాక్యాలపై రెండేళ్ళపాటు భీకరమైన వాదోపవాదాలు నడిచినవి, వాక్యాలు మారినవి.

సైన్యాన్ని గురించిన వాక్యాల సంగతి ఏమిటి? 2012 రాజ్యాంగం ప్రకారం రక్షణమంత్రి సైనికాధికారులనుండే రావాలి. సైన్యపు బడ్జెట్‌ను సైనికాధికారులు అధికంగా గల జాతీయ రక్షణ మండలి చర్చించాలి. సైన్యానికి హాని కలిగించే నేరాలపై పౌరులను సైనిక న్యాయస్థానాలు విచారించవచ్చు. 2014 రాజ్యాంగం వీటిని నిలిపి ఉంచడమే గాక మరింత బలపరచింది. సైన్యపు బడ్జెట్ దేశపు బడ్జెట్‌లో వివరాలు లేని ఒకే అంకెగా చేరుతుంది. రక్షణమంత్రి నియామకానికి సైనిక మండలి సమ్మతి అవసరమని రెండు అధ్యక్ష పదవీకాలాలకు నిర్దేశించారు. 2019లో ఈ నియమం శాశ్వతమైంది.

ధార్మికులు రచించినా, వారి ప్రత్యర్థులు రచించినా సైన్యపు అధ్యాయం మాత్రం క్షేమంగా పెరుగుతూ వచ్చింది. "రాజ్యం మతపరమైనదా, లౌకికమైనదా?" అనే ప్రశ్న వీధులను రక్తసిక్తం చేసింది. "తుపాకి ఎవరి ఆజ్ఞకు లోబడాలి, దాని ఖర్చు లెక్కలను ఎవరు చూడాలి?" అనే ప్రశ్నను ఉభయపక్షాలూ వాయిదా వేసినవి. ప్రత్యర్థిని ఓడించిన పిమ్మట దానిని అడగవచ్చునని రెండూ తలచినవి. ఆ అవకాశం ఏ పక్షానికీ రాలేదు.

అల్పసంఖ్యాకుల ధర్మసంకటం

మన వంటి విద్యాసంస్థలో చదివేవారికి కాప్టిక్ క్రైస్తవుల అనుభవం ప్రత్యేకంగా ఆలోచింపదగినది. ఈజిప్టు జనాభాలో వారు సుమారు పదవ వంతు ఉంటారని సాధారణంగా అంచనా. అధికసంఖ్యాకుల ఓట్లతో ఏర్పడే ప్రభుత్వం తమ హక్కులను హరిస్తుందేమోనన్న భయం వారికి నిరాధారమైనది కాదు. 2013 ఏప్రిల్‌లో కైరోలోని వారి ప్రధాన దేవాలయం పైననే దాడి జరిగింది. అదే సంవత్సరం జూన్‌లో నలుగురు షియా ముస్లింలను ఒక గ్రామంలో మూకలు హతమార్చినవి. అట్టి పరిస్థితిలో సైన్యాన్ని రక్షకునిగా భావించినవారిని తప్పుపట్టడం ఒడ్డున నిలిచినవారికి తేలిక.

కాని ఆ రక్షకుని స్వభావం వారికి అంతకుముందే అనుభవంలోకి వచ్చింది. 2011 అక్టోబరు 9న కైరోలోని మస్పీరో భవనం వద్ద, చర్చిపై దాడిని నిరసిస్తూ వచ్చిన కాప్టిక్ ప్రదర్శకులపై సైనిక వాహనాలు దూసుకుపోయినవి. ఇరువదిమందికి పైగా మరణించారు. 2013 ఆగస్టులో రబిఆ సంఘటన తరువాత, ఆ కోపాన్ని తీర్చుకోవడానికి మూకలు పదుల సంఖ్యలో చర్చిలను తగులబెట్టినప్పుడు భద్రతాదళాలు అనేకచోట్ల సకాలంలో చేరలేదు. బలవంతుని ఛత్రచ్ఛాయలో లభించే రక్షణ అతని అవసరం మేరకే ఉంటుంది. హక్కుగా లభించిన రక్షణను న్యాయస్థానంలో అడగవచ్చు. దయగా లభించినదానిని అడిగే చోటు ఉండదు.

అధికసంఖ్యాకులకు కూడ ఇందులో ఒక కర్తవ్యమున్నది. ఎన్నికలో గెలిచినవాడు ఓడినవాని భయాన్ని పోగొట్టకపోతే, ఆ భయం మరొక బలవంతుని గుమ్మం ఎక్కుతుంది. ముర్సీకి వచ్చిన ఓట్లు నిజమైనవి. ఆయన ప్రత్యర్థుల భయం కూడ అంతే నిజమైనది. ఒకటి నిజమైతే రెండవది అబద్ధమని తలచడమే ఉభయుల పొరపాటు.

ఇతర దేశాల అనుభవం

ఇదంతా ముస్లిం దేశాలకు సహజమన్న వాదన ఎంత పొరపాటో రెండు ఉదాహరణలు చాలు. ట్యునీషియాలో 2011 అక్టోబరు ఎన్నికలలో ధార్మికపక్షమైన అన్-నహ్దా 217 స్థానాలలో 89 గెలిచింది. 2013లో ఇద్దరు వామపక్ష నాయకులు, శుక్రీ బెలయీద్, మహమ్మద్ బ్రాహ్మీ, హత్యకు గురైనప్పుడు ఆ దేశం కూడ అంతఃకలహపు అంచుకు చేరింది. అయితే అక్కడి సైన్యం చిన్నది, రాజకీయాలకు అలవాటుపడనిది. అందుచేత తగవు తీర్చడానికి ఉభయులూ కార్మిక సమాఖ్య, యజమానుల సంఘం, మానవహక్కుల సంఘం, న్యాయవాదుల సంఘం అనే నాలుగు పౌరసంస్థలను ఆశ్రయించారు. అన్-నహ్దా స్వచ్ఛందంగా పదవి వదులుకున్నది. 2014 జనవరిలో సర్వామోదానికి చేరువైన రాజ్యాంగం సిద్ధమైంది. ఆ నాలుగు సంస్థల కూటమికి 2015లో నోబెల్ శాంతి బహుమానం లభించింది.

ఇండోనేషియాలో 1998 మే 21న సుహార్తో విద్యార్థుల ఆందోళన ఫలితంగా రాజీనామా చేశాడు. ఆ దేశపు సైన్యానికి శాసనసభలో ప్రత్యేక స్థానాలుండేవి. దేశరక్షణతో పాటు రాజకీయాలు కూడ తమ ధర్మమేనన్న సిద్ధాంతం వారిది. తరువాతి ప్రభుత్వాలు పోలీసును సైన్యం నుండి వేరుచేసి, శాసనసభలోని సైనిక స్థానాలను క్రమంగా తగ్గించి, 2004లో పూర్తిగా తొలగించినవి. నహ్‌దతుల్ ఉలమా, ముహమ్మదియా అనే రెండు బృహత్తర ధార్మిక సంస్థల నాయకులు ఈ మార్పుకు తోడుగా నిలిచారు. షరీఅత్‌ను రాజ్యాంగంలో చేర్చాలన్న ప్రతిపాదనను కూడ వారు సమర్థించలేదు. ధార్మిక సంస్థలు తమ గౌరవాన్ని ఒక పక్షానికి తాకట్టు పెట్టకపోతే ప్రజాస్వామ్యానికి ఎంత అండగా ఉండగలవో దీని వలన తెలుస్తుంది.

ఈ విజయాలు శాశ్వతమైనవని కూడ భ్రమపడరాదు. ట్యునీషియాలో 2021 జూలై 25న అధ్యక్షుడు కైస్ సయీద్ శాసనసభను స్తంభింపజేసినప్పుడు దాని ద్వారం వద్ద సైనిక వాహనం నిలిచింది. పక్షాల కలహాలతో విసిగిన ప్రజలలో చాలామంది వీధులలో హర్షించారు. ఇండోనేషియాలో 2025 మార్చిలో, ఉద్యోగంలో ఉన్న సైనికాధికారులు మరిన్ని పౌరపదవులు చేపట్టడానికి వీలు కల్పిస్తూ శాసనాన్ని సవరించినప్పుడు విద్యార్థులు మళ్ళీ వీధులలోకి రావలసి వచ్చింది. 1998లో విద్యార్థులు సాధించినదానిని ఆనాటికి పుట్టియైనా ఉండని విద్యార్థులు కాపాడుకోవలసి వచ్చింది.

ముగింపు

ఈజిప్టు యువకుల త్యాగం వ్యర్థమని చెప్పడం ఈ వ్యాసకర్త ఉద్దేశం కాదు. నిరాయుధులైన జనం ముప్పదేళ్ళ పాలకుని దింపగలరని వారు నిరూపించారు. వారి పరాజయంలో మనకొక పాఠమున్నది. ప్రజాస్వామ్యానికి ఎన్నికలు అవసరమే, అంతకు మించి పరస్పర విశ్వాసం అవసరం. ఈసారి ఓడినా మరొకసారి పోటీ చేయగలనన్న ధైర్యం ఓడినవానికి ఉండాలి. ఈసారి గెలిచినా మరొకసారి ఓడవచ్చునన్న వినయం గెలిచినవానికి ఉండాలి. ఈ రెండూ లోపించిన చోట మూడవవానికి పని దొరుకుతుంది.

ఈ విశ్వాసాన్ని అభ్యసించడానికి పెద్ద మైదానాలు అక్కరలేదు. మన కళాశాలలో ఉర్దూ మాధ్యమం విద్యార్థులు, తెలుగు మాధ్యమం విద్యార్థులు ఒకే ప్రాంగణంలో చదువుతున్నారు. సాహిత్య సంఘం ఎన్నికలో గాని, వార్షికోత్సవ కార్యక్రమ నిర్ణయంలో గాని అభిప్రాయభేదం వచ్చినప్పుడు, ఎదుటివారితో కూర్చొని మాట్లాడకముందే పైవారి వద్దకు పరుగెత్తడం మనలో చాలామందికి అలవాటు. పైవారు దయామయులే కావచ్చు. అయినా మన తగవును మనమే తీర్చుకోగలిగిన దినాన మాత్రమే మనం స్వేచ్ఛకు అర్హులమవుతాము. కపింజలమూ కుందేలూ ఆ చెట్టు క్రిందనే కూర్చొని మరికొంతసేపు వాదించుకొని ఉంటే, గూడు ఎవరికి దక్కినా ప్రాణాలు ఇద్దరికీ దక్కేవి.